నల్గొండ దిక్కు బోరు నీళ్లతో కందిపప్పు ఎందుకు ఉడకదు?

మునుగోడు దగ్గర అద్దె ఇంట్లో దిగినప్పటి నుంచి 8 విజిల్స్ వచ్చినా పప్పు మెదగట్లేదని, గ్యాస్కెట్ మార్చినా, కిరాణా దుకాణం మార్చినా అదే కథ అని అడిగారు. వంట సోడా వేయొచ్చా, కుక్కర్ లోపల కట్టిన తెల్ల పొర ఎట్లా పోతుంది అని కూడా అడిగారు. గ్యాస్కెట్ బాగానే ఉండి ఉంటుంది. పప్పు మీద కూడా పెద్దగా అనుమానం అక్కర్లేదు. మీరు వంటకు పోసేది బోరు నీళ్లు, అక్కడే ఉంది తిరకాసు.

నమ్మకం కుదరకపోతే ఈ పూటే చూసుకోండి. రెండు చిన్న స్టీలు గిన్నెలు తీసుకొని ఒక్కోదాంట్లో 2 చెంచాల కందిపప్పు వేయండి. ఒకదాంట్లో అర గ్లాసు బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అర గ్లాసు తాగే నీళ్లు పోయండి. కుక్కర్ అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టండి. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి 10 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే దిగాక మూత తీయండి. తాగే నీళ్ల గిన్నెలో బద్దల అంచులు కరిగిపోయి, నీళ్లూ పప్పూ కలిసి చిక్కబడి ఉంటాయి. గంటె వెనకతో ఒత్తితే చాలు, ముద్దయిపోతుంది. బోరు గిన్నెలో పైన నీళ్లు తేటగా నిలబడి ఉంటాయి, అడుగున బద్దలు దేనికది విడిగా కూర్చుంటాయి. ఒక బద్దను తీసి వేళ్ల మధ్య నొక్కండి. పైపైన మెత్తగా తగులుతుంది, నడుమ మాత్రం పిండి పిండిగా, పలుకుగా ఉంటుంది. పప్పుగుత్తి పెట్టి ఎంత తిప్పినా అది నలుగుతుందే తప్ప కలవదు. చారు పోస్తే నీళ్లు పైకి, పప్పు కిందికి.

కారణం చిన్నదే. గింజలో కణాన్ని కణానికి అతికించి పట్టుకునేది పెక్టిన్. వేడికి అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి ఆ పెక్టిన్‌కు అతుక్కొని కరగనీయవు. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోయినా దాని పట్టు అంత తొందరగా వదలదు. అందుకే విజిల్స్ పెంచుకుంటూ పోతే సిలిండర్ ఖాళీ అవుతుంది తప్ప పప్పు ఉడకదు. అసలు విజిల్స్ లెక్కపెట్టడమే నాకు నచ్చని అలవాటు. పెద్ద మంట మీద 2 నిమిషాల్లో 4 విజిల్స్ వస్తాయి, చిన్న మంట మీద 10 నిమిషాలకు ఒకటి కూడా రాదు. ఉడికించేది నిమిషాలు, కూత కాదు. వంటల వీడియోల్లో "3 విజిల్స్ రానివ్వండి" అని చెప్పి పొయ్యి మంట ఎంతో చెప్పనివాళ్ల మాట పట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది.

ఇంకో సంగతి. పప్పు గంటసేపు నానబెడుతున్నాం కదా అంటారు. ఏ నీళ్లలో? బోరు నీళ్లలో నానబెడితే వండక ముందే కాల్షియం గింజ లోపలికి చేరుతుంది. మీరు చేయాల్సింది ఇది: బోరు నీళ్లతో పప్పు రెండు మూడు సార్లు కడగండి, అది ఫర్వాలేదు. చివరిసారి మంచినీళ్లతో కడిగి, మంచినీళ్లలోనే అరగంట నానబెట్టండి. గ్లాసు పప్పుకు 3 గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్ రంధ్రంలోకి ఎక్కదు. మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద 10 నుంచి 12 నిమిషాలు, అంతే. శనగలు, బొబ్బర్లు, ఉలవలు గుడాలకు నానబోసేటప్పుడు లీటరు మంచినీళ్లకు ఒక చెంచా ఉప్పు వేసి రాత్రంతా ఉంచండి, పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పెద్దలు అనేది ఇక్కడ చెల్లదు. ఉప్పులోని సోడియం పొట్టులో ఉన్న కాల్షియాన్ని కొంత పక్కకు నెట్టి పొట్టును మెత్తబరుస్తుంది.

ఉడకనీయనిది ఉప్పు కాదు, పులుపు. చింతపండు, టమాట, మామిడికాయ, గోంగూర, చుక్కకూర ఏదైనా సరే పప్పు మెత్తబడ్డాకే వేయండి. మంచినీళ్లున్న ఊళ్లో టమాట, పప్పు కలిపి కుక్కర్‌లో పడేసినా నడుస్తుంది. బోరు నీళ్లు, పైనుంచి పులుపు, రెండూ కలిస్తే ఆ పప్పు పొద్దుగూకినా ఉడకదు.

పప్పు పాతదైతే కూడా ఇదే బాధ. ఏడాది పాటు వేడి గదిలో మూటలో ఉన్న పప్పు గట్టిపడుతుంది, మంచినీళ్లు పోసినా మొండికేస్తుంది. పాలమూరుకు ఆనుకొని ఉన్న తాండూరు కందిపప్పు తొందరగా ఉడుకుతుందని, రుచి అని పేరు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనగలిగితే కొనండి. కానీ తాండూరు పప్పు తెచ్చి బోరు నీళ్లలో వేసి, "ఇది అసలు తాండూరుది కాదు" అని దుకాణదారుతో కొట్లాటకు పోవద్దు.

సోడా సంగతి. వేస్తే ఉడుకుతుంది, అబద్ధం చెప్పను. గ్లాసు పప్పుకు చిటికెడు మించొద్దు. మించితే పప్పు సబ్బు వాసన కొడుతుంది, పసుపు ఎర్రబారుతుంది. హోటల్ పప్పు ఎప్పుడైనా ఎర్రటి రంగులో కనబడితే సోడా మీద అనుమానపడొచ్చు. సోడా వేసి ఉడికిస్తే పప్పులో ఉండే బి1 విటమిన్ చాలావరకు పోతుంది. ఇంట్లో బీపీ మనుషులుంటే సోడాలో ఉన్న సోడియం కూడా వాళ్ల లెక్కలో పడుతుంది. రోజూ వండే పప్పుకు సోడా అలవాటు చేయడం నాకైతే ఇష్టం లేదు.

మంచినీళ్లు ఆ పూటకు లేకపోతే బోరు నీళ్లను ముందు 10 నిమిషాలు తెర్లించి, చల్లారనిచ్చి, అడుగున తెల్లటి పొడి దిగాక పైన తేటను బట్టలో వడగట్టి వాడండి. కాల్షియం, మెగ్నీషియం వల్ల నీళ్లకు వచ్చే గుణాన్నే కఠినత్వం అంటారు. అందులో బైకార్బనేట్ల వల్ల వచ్చే భాగం అట్లా పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది తెర్లిస్తే పోదు. అందుకే ఈ చిట్కా ఒక బోరుకు పనిచేస్తుంది, పక్కింటి బోరుకు పనిచేయదు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. మన దిక్కు చాలా ఇళ్లల్లో తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొంటారు, వంటకు మాత్రం బోరు నల్లా తిప్పుతారు. వండే నీళ్లు ఎక్కడికి పోతాయి మరి? నలుగురున్న ఇల్లు లెక్క వేయండి. 3 గ్లాసుల బియ్యానికి 6 గ్లాసుల నీళ్లు, పప్పుకు 3, చారుకు 4, రెండు పూటల చాయ్‌కి 4. మొత్తం 17 గ్లాసులు, 200 మిల్లీలీటర్ల గ్లాసైతే దగ్గర దగ్గర మూడున్నర లీటర్లు. అన్నం గంజి వంచితే కొంత పోతుంది, అత్తెసరు పెడితే అదీ పోదు. పొయ్యి మీద ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, అందులో కరిగినవన్నీ గిన్నెలోనే మిగులుతాయి.

నల్గొండలో ఆ మిగిలేదాంట్లో పళ్లను గారపట్టించి, ఎముకలను వంకర చేసే ఫ్లోరైడ్ ఉండొచ్చు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు దీని సంగతి తెలియనివాళ్లు లేరు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. తెర్లిస్తే పోదు సరికదా, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ మిషన్ దాన్ని పట్టవు. పప్పు బాగా ఉడుకుతోంది కాబట్టి మా బోరులో ఫ్లోరైడ్ లేదు అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కరగదు. కాల్షియం తక్కువగా, సోడియం ఎక్కువగా ఉన్న నీళ్లు రాళ్లలోంచి దాన్ని బాగా లాగుతాయి. అంటే పప్పు చక్కగా ఉడికే బోరులోనే అది ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

ఇక్కడ ఆర్వో మిషన్ అమ్మేవాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లలో కరెంటు కడ్డీలు పెట్టి, మీ నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి చూడండి అంటారు. ఆ రంగు ఇనుప కడ్డీ కరిగితే వచ్చింది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగ్గా పారదు, అందుకే అవి తెల్లగా ఉంటాయి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపించే టీడీఎస్ మీటర్ పెట్టి ఫ్లోరైడ్ లెక్క చెప్పేవాళ్లూ ఉన్నారు, ఆ మీటర్‌కు ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ఆర్వో ఫ్లోరైడ్‌ను చాలావరకు తీస్తుంది, అది నిజమే. కానీ పక్క పైపులోంచి పోయే నీళ్లలో ఉప్పులన్నీ పోగుపడతాయి. వాటిని పారబోయడం ఎందుకని వంటకు పట్టేవాళ్లున్నారు, అది బోరు నీళ్లకన్నా అధ్వాన్నం. బాత్‌రూమ్ కడగడానికి వాడండి.

పటిక ముక్క బిందెలో తిప్పితే ఫ్లోరైడ్ పోతుందని ఇంకో మాట. ఈ మాట మన జిల్లా పేరు మీదున్న పద్ధతి నుంచి పుట్టినట్టుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970ల్లో తయారుచేసిన "నల్గొండ టెక్నిక్"లో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి, నీళ్లు తేర్చి వడగడతారు. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఫ్లోరైడ్, క్షారం ఎంతున్నాయో చూసి తేలుస్తారు. ఇంట్లో అంచనాతో వేస్తే బురద దిగుతుంది, ఫ్లోరైడ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పైగా నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఆ పని చేయొద్దు.

మీకు సులువైన దారి భగీరథ నల్లా, అంటే ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లా. చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ వేసి దాన్ని మొదలుపెట్టారు, మనకొచ్చేవి శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు. వాటితో బండ్లు కడిగి, బోరు నీళ్లతో పప్పు వండే ఇళ్లున్నాయంటే ఏమనాలి? బ్లీచింగ్ వాసన వస్తుందంటారు. వెడల్పు గిన్నెలో పోసి పల్చటి బట్ట కప్పి కొన్ని గంటలు ఉంచండి, వాసన తగ్గుతుంది. ఒక మూత ఉన్న స్టీలు డ్రమ్మును వంటింట్లో పెట్టి రోజూ అందులో పట్టి పెట్టుకోండి. అన్నం, పప్పు, చారు, చాయ్ అన్నీ దాంతోనే. బోరు నీళ్లతో పచ్చగా, బిరుసుగా వచ్చే అన్నం కూడా తెల్లబడుతుంది, చాయ్ మీద తేలే తెట్టు పోతుంది.

భగీరథ రాని ఇల్లైతే బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మోటార్ 5 నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో రెండుసార్లు తొలిచిన లీటరు ప్లాస్టిక్ సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇవ్వండి. ఫ్లోరైడ్, కఠినత్వం రెండూ చూడమని చెప్పండి.

ఇక కుక్కర్‌లో తెల్ల పొర. అది సున్నం, పీచుతో రుద్దితే చేతులు నొస్తాయి తప్ప పోదు. స్టీలు కుక్కర్ అయితే లీటరు నీళ్లకు 2 చెంచాల నిమ్మ ఉప్పు వేసి, మూత పెట్టకుండా 10 నిమిషాలు మరిగించి, అరగంట వదిలేసి బ్రష్‌తో తోమండి. అల్యూమినియం అయితే ఒక్క చెంచా, 5 నిమిషాలు, వెంటనే కడిగేయాలి. పులుపు ఎక్కువసేపు ఉంటే లోహాన్నే తింటుంది. నల్లా మూతికి ఉండే జాలీ విప్పి అదే నీళ్లలో గంట నానబెడితే ధార మళ్లీ సరిగ్గా వస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్ వంట గిన్నెల దగ్గరికి తేవద్దు, అది బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

పొర పోయాక విజిల్ తీసి దాని కింద ఉన్న సన్న గొట్టం చూడండి. సున్నం, పప్పు నురగ కలిసి అక్కడ గట్టిపడతాయి, ఎనిమిదేసి విజిల్స్ పెట్టిన కుక్కర్‌లో మరీను. సన్నటి తీగ దూర్చి తీసి, మూతను వెలుతురుకు ఎత్తి చూడండి. గొట్టంలోంచి అవతలి వైపు కనబడకపోతే ఆ మూత పెట్టి వండొద్దు. సేఫ్టీ వాల్వ్ మీద కూడా పొర కట్టి ఉంటే గీకకుండా కొత్తది వేయించండి.