‘ఊరికే వేసుకోండి’ అన్నాక పారితోషికం అడగవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది నల్లకుంట. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆరేళ్లుగా ఒక తెలుగు వెబ్‌సైట్‌కు కథలు, వ్యాసాలు రాస్తున్నాను. మొదట్లో ఎడిటర్ గారు వాట్సాప్‌లో ‘మేడమ్, ఇప్పటికైతే పారితోషికం ఇవ్వలేం, సైట్ నిలదొక్కుకున్నాక చూద్దాం’ అన్నారు. ‘డబ్బు కోసం కాదండీ, నలుగురూ చదివితే చాలు, వేసుకోండి’ అని నేనూ జవాబిచ్చాను. ఇప్పుడు ఆ సైట్ తెరిస్తే పేరా పేరాకీ ఒక ప్రకటన. నా కథలు ఎవరిచేతో చదివించి వీడియోలు పెట్టారు. వాటిలో నా పేరే లేదు. మొన్న పుస్తక ప్రదర్శనకు వెళ్తే నా కథలు రెండు ఉన్న సంకలనం 250 రూపాయలకు అమ్ముతున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇదేమిటంటే ‘మీరే కదా వేసుకోమన్నారు’ అంటున్నారు. ఇన్నేళ్ల రాతకు డబ్బు అడిగే హక్కు నాకుందా? అమెరికాలో ఇలాంటి కేసు రచయితలు గెలిచారని మా అబ్బాయి అంటున్నాడు. వాడూ కంపెనీలకు కంటెంట్ రాస్తాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీ వాడి బిల్లులు మూడు ఎగ్గొట్టింది. దానికీ దారి చెప్పండి.
– పేరు వేయవద్దు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు గట్టిగా అడుగుతున్నది ఆరేళ్ల పారితోషికం గురించి. మీ కేసుకు బలం ఉన్నది మాత్రం అక్కడ కాదు. వాళ్లు వేసిన పుస్తకం దగ్గర, పెట్టిన వీడియోల దగ్గర ఉంది.

ముందు పారితోషికం సంగతి తేల్చేద్దాం. వెబ్‌సైట్ తనకు రాసేవారికి డబ్బు ఇచ్చి తీరాలని చెప్పే చట్టం మన దగ్గర లేదు. జీతాల చట్టాలు ఉద్యోగికి వర్తిస్తాయి, మీరు ఉద్యోగి కారు. కాబట్టి మీ ఇద్దరి మధ్య ఏం అనుకున్నారన్నదే మిగులుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఒకటుంది. ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి పని చేస్తే, అవతలివారు ఆ ఫలం అనుభవిస్తే, రాతకోతలు లేకపోయినా పరిహారం ఇవ్వాలంటుంది. వినడానికి మీ కోసమే రాసినట్టుంది. కానీ ‘డబ్బు కోసం కాదండీ’ అని మీ చేత్తో మీరే రాసిచ్చారు. మీకది మర్యాద, అవతలి లాయరుకు మాత్రం కోర్టులో చూపే మొదటి సాక్ష్యం. ఇక ‘చూద్దాం’ అన్న ఎడిటర్ గారి మాట మీద డిక్రీ రాదు. ఎంత, ఎప్పుడు, దేనికి అన్నవి తేలని వాగ్దానాన్ని కోర్టు అమలు చేయించలేదు. ఒకవేళ ‘ఫలానా నెల నుంచి కథకు ఇంత ఇస్తాం’ అన్న మెసేజ్ ఎక్కడైనా ఉంటే కథ మారుతుంది. దానికైనా కాలపరిమితి మూడేళ్లే. పాత చాట్లు ఓపిగ్గా వెతకండి.

మీ అబ్బాయి చెప్పిన అమెరికా కేసు హఫింగ్టన్ పోస్ట్ అనే వార్తల వెబ్‌సైట్‌ది అయివుంటుంది. 2011లో ఏఓఎల్ కంపెనీ ఆ సైట్‌ను 31.5 కోట్ల డాలర్లకు కొన్నది. అన్నేళ్లూ ఊరికే రాసిన బ్లాగర్ల తరఫున జోనథన్ టాసినీ అనే ఆయన, మా రాతలతోనే కదా ఆ ధర పలికింది, మాకు పది కోట్ల డాలర్లకు పైగా రావాలని దావా వేశారు. గెలవలేదు. 2012లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, అప్పీలులోనూ అదే నిలిచింది. డబ్బు రాదని, పేరు మాత్రమే వస్తుందని తెలిసే రాశారు, అనుకున్నది దక్కింది, తర్వాత లాభం వచ్చిందని బేరం మార్చలేరు అన్నది కోర్టు మాట. అబ్బాయి పొరపడటానికీ కారణం ఉండొచ్చు. ఇదే టాసినీ అంతకు ముందు 2001లో న్యూయార్క్ టైమ్స్ మీద అమెరికా సుప్రీంకోర్టులో నెగ్గారు. పత్రికలో అచ్చుకు ఇచ్చిన వ్యాసాలను రచయితలను అడగకుండా ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లోకి ఎక్కించారన్నది ఆ కేసు. ఊరికే రాసినందుకు డబ్బు అడిగిన కేసు పోయింది, ఒక చోటుకని ఇచ్చినది మరో చోట వాడుకున్నారన్న కేసు నిలిచింది. అమెరికా తీర్పులు ఇక్కడ మన జడ్జిలను కట్టిపడేయవు, అయినా మీ వ్యవహారం చీలేది సరిగ్గా ఈ గీత దగ్గరే.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో బాగా సవరించారు. 17వ సెక్షన్ ప్రకారం కథ రాసిన క్షణం నుంచి దాని హక్కుదారు మీరే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పత్రికలో ఉద్యోగం చేస్తూ రాసినవాటి సంగతి వేరు, అది మీకు వర్తించదు. ఆ హక్కు వాళ్లకు చేరాలంటే 19వ సెక్షన్ ప్రకారం మీ సంతకంతో కాగితం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతానికి, ప్రతిఫలం ఎంత అన్నవి అందులో ఉండాలి. వాట్సాప్‌లో ‘వేసుకోండి’ అనడం ఆ కాగితం కాదు. అది ఆ సైట్‌లో పెట్టుకోవడానికి మీరిచ్చిన అనుమతి, అంతే. అద్దెకున్నాయన ఇంటిని అమ్మలేనట్టే, అనుమతి పుచ్చుకున్న ఎడిటర్ గారు మీ కథను పుస్తకంగా అమ్మలేరు, ఆడియో చేయలేరు.

ఇంకొకటి. అనుమతి ఎన్నాళ్లకో రాయనప్పుడు చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. హక్కు రాసిచ్చేయడానికి పెట్టిన ఈ నియమం 30ఎ సెక్షన్ ద్వారా అనుమతికీ వర్తిస్తుంది. అంటే మీ తొలి కథలు వెబ్‌సైట్‌లో ఉండటానికే గడువు తీరిపోయిందని వాదించవచ్చు. తక్కినవాటికి కూడా, ఇకపై నా అనుమతి లేదని రాసి పంపవచ్చు.

వీడియోల్లో పేరు లేకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. 57వ సెక్షన్ కింద రచన నాదని చెప్పుకునే హక్కు కాపీరైట్ రాసిచ్చేసినా పోదు. మార్చి పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కూ అంతే. ఆ వీడియోల్లో కథను కుదించారా, ముగింపు మార్చారా అన్నది మీరు రాయలేదు. కూర్చుని పూర్తిగా వినండి.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి నన్ను తొలుస్తోంది. ఆ సైట్‌లో ఖాతా తెరిచినప్పుడు ‘నిబంధనలకు అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్ పెట్టారా? పెట్టే ఉంటారు, అందరం పెడతాం. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఏ రూపంలోనైనా, రాయల్టీ లేకుండా వాడుకునే అనుమతి’ అన్న వాక్యం అలాంటి నిబంధనల్లో మామూలే. ఆన్‌లైన్ ఒప్పందం చెల్లుతుందని ఐటీ చట్టం 10ఎ చెబుతోంది. కాబట్టి అలాంటి వాక్యం ఉంటే పుస్తకం మీద మీ వాదన బలహీనపడుతుంది. పూర్తి హక్కులు మావేనని వాళ్లంటే మాత్రం, టిక్ సంతకం ఎలా అవుతుందని నిలదీయవచ్చు. ఖాతా లేకుండా కథలు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపి ఉంటే ఈ చిక్కే లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు ఆ సంకలనం ఒక కాపీ డబ్బిచ్చి కొనండి, బిల్లు అడిగి తీసుకోండి. ఉచిత కాపీ ఇస్తామంటే వద్దనండి. పాత వాట్సాప్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే కోర్టులో నిలబడదు, 2024 జులై నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, అది ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. వీడియోల లింకులు, తేదీలు, ఎంతమంది చూశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

తర్వాత స్పీడ్ పోస్టులో, మెయిల్‌లో నోటీసు. అందులో ‘ఆరేళ్ల పారితోషికం’ అన్న మాట రాయకండి. అది రాస్తే జవాబు దాని మీదే వస్తుంది, పుస్తకం పక్కకు పోతుంది. ఎన్ని కాపీలు వేశారు, ఎన్ని అమ్మారు, వీడియోల మీద ఎంత వచ్చింది, లెక్క చెప్పండి. నా వాటా ఇవ్వండి. వీడియోలు తీసేయండి, ఉంచుకోవాలంటే నాతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని పేరు వేయండి. ఇంతే. పదిహేను రోజుల గడువు చాలు. వీడియోలు ఉన్న వేదికకు విడిగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వవచ్చు. కాపీరైట్ నియమాల ప్రకారం 36 గంటల్లో వాళ్లు దాన్ని ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు చూపించకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, అది గుర్తుంచుకోండి.

కోర్టు దాకా వెళ్లాలా? లెక్క చూద్దాం. 500 కాపీలు వేసి, అన్నీ అమ్ముడై, పది శాతం రాయల్టీ అనుకుంటే 12,500 రూపాయలు. ఇరవై కథల సంకలనమైతే మీ రెండింటికీ వచ్చేది 1,250. అనుమతి లేకుండా వేసినందుకు నష్టపరిహారం అంతకంటే ఎక్కువే అడగవచ్చు, కానీ తొలి వాయిదాకే అంతకు మించి ఖర్చవుతుంది. అందుకే నోటీసుతో పేరు, లెక్క, ఒప్పందం రాబట్టుకోవడం మేలంటాను. మొండికేస్తే వదలక్కర్లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం వాళ్ల ఆఫీసు ఎక్కడున్నా మీరుండే హైదరాబాద్‌లోనే దావా వేయవచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద క్రిమినల్ కేసూ పెట్టవచ్చు, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుంది. రెండు కథల కోసం ఆ ఎడిటర్‌ను పోలీస్ స్టేషన్‌కు ఈడ్వమని మాత్రం నేను చెప్పను.

నా సొంత అభిప్రాయం కూడా చెప్పేస్తాను. నలుగురు మిత్రులు జేబులోంచి సర్వర్ ఖర్చు పెట్టుకుని నడిపే పత్రికకు ఊరికే రాయడంలో తప్పేమీ లేదు, మన సాహిత్యం చాలావరకు అలాగే బతికింది. కానీ ప్రకటనల డబ్బు వస్తున్న చోట ఊరికే రాస్తే అది యజమానికి మీరిచ్చే చందా. ఒకప్పుడు వారపత్రికలు కథకు ఎంతో కొంత మనియార్డరు పంపేవి. ఆ పద్ధతి వెబ్‌సైట్లలోకి రాలేదు, అడిగేవాళ్లూ తగ్గారు. ఇకపై కథ పంపే మెయిల్ చివర ఇలా రాయండి: ‘ఈ కథను మీ వెబ్‌సైట్‌లో మాత్రమే, రెండేళ్లపాటు, నా పేరుతో ఉంచడానికి అనుమతిస్తున్నాను. పుస్తకం, ఆడియో, వీడియో, అనువాద హక్కులు నావే. వాటికి విడిగా రాతపూర్వక అనుమతి, పారితోషికం అవసరం.’ సరేనని జవాబు వచ్చాకే వేయనివ్వండి.

మీ అబ్బాయిది తేలిక కేసు. రేటు అనుకున్నాడు, పని ఇచ్చాడు, బిల్లు పంపాడు. అది మామూలు బాకీ, మూడేళ్ల లోపు దావా వేయవచ్చు. ఆ పని ఒప్పుకునేనాటికే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకా మంచిది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద కంపెనీ ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ పాత బిల్లులకు ఇప్పుడు చేయించుకుని లాభం ఉండకపోవచ్చు, రాబోయే పనులకు పనికొస్తుంది. రుసుమేమీ లేదు, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది.