పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు కుదుపులకు స్పార్క్ ప్లగ్గులు మారిస్తే చాలా?

నిలబెట్టినప్పుడు ఇంజిన్ బాగానే ఉంటోందనీ, మూడో గేరులో గట్టిగా తొక్కితే మాత్రం కుదుపులు వస్తున్నాయనీ, మీటరు 1,80,000 దాటిందనీ రాశారు. ప్లగ్గులతో సరిపోవచ్చు. కానీ పాతవాటిని చూడకుండా మెకానిక్ చేత పారవేయించకండి.

నాదీ ఇదే బండి, 1.8 టర్బో పెట్రోలు. 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకసారి నిండా మనుషులతో శ్రీశైలం వెళ్తూ, ఆనకట్ట దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే మిస్సింగ్, అంటే సిలిండర్లో మంట సరిగా అంటకపోవడం, మొదలైంది. అప్పటికి ప్లగ్గులు మార్చి రెండు వారాలే! ఇరిడియం అయితే మంచిదని ఎవరో చెబితే ఎక్కువ డబ్బు పోసి కొన్నాను, గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, ఎంతుందో చూడలేదు. ఇంటికొచ్చి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 1.1 మిల్లీమీటర్లు. ఈ ఇంజిన్‌కు 0.8 దాటకూడదు. టర్బో గాలిని కుక్కేకొద్దీ సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ సందు దాటాలంటే వోల్టేజీ ఇంకా కావాలి. ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చే కాయిల్ ముసలిదైతే అంత ఇవ్వలేదు. అందుకే చదును రోడ్డు మీద మామూలుగా నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడు చేతులెత్తేసింది. మళ్లీ పాత రకమే, ఎన్‌జీకే పీఎఫ్‌ఆర్6క్యూ వేశాను.

మీరే విప్పుతానంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి, ప్లగ్గులు బిగించే సిలిండర్ హెడ్ అల్యూమినియంది, వేడిలో విప్పితే మరలు చెడతాయి. కాయిల్ సాకెట్ల క్లిప్పులు వేడికి అప్పడంలా పెళుసెక్కి ఉంటాయి. నావి రెండు చేతిలోనే విరిగాయి. ప్లగ్గు విప్పే ముందు అది కూర్చునే గుంతలో దుమ్మును గాలి కొట్టి తీసేయండి, లేకపోతే అది నేరుగా సిలిండర్లోకి పడుతుంది. కొత్తదాన్ని రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి వేళ్లతోనే మర ఎక్కించండి. మర తప్పుగా పట్టితే గొట్టం జారిపోతుంది, హెడ్ బతుకుతుంది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో 30 న్యూటన్ మీటర్లు.

ఇక పాత ప్లగ్గులు. నా మూడోదానికి నూనె అంటి ఉంటే ఇంజిన్ బోరుకు వచ్చిందని, అంటే లోపల అరిగిపోయిందని, షెడ్డులో అనేశారు. తీరా తుడిచి చూస్తే నూనె పైన తెల్ల పింగాణీ మీదే ఉంది, కింద ఎలక్ట్రోడ్ పొడిగా, లేత గోధుమ రంగులో ఉంది. అంటే కారుతున్నది ఇంజిన్ పైమూత (ట్యాపెట్ కవర్) ప్యాకింగ్. అది మార్చాక గుంత పొడిబారింది. నూనె ఎలక్ట్రోడ్ మీదే ఉంటే పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు, టర్బో సీళ్లు అనుమానించాల్సిందే. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. తెల్లగా కాలి బొబ్బలెక్కితే ఎక్కడో గొట్టం చిట్లి లెక్కలోకి రాని దొంగగాలి లాగుతుండవచ్చు.

ప్లగ్గులు విప్పి ఉండగానే కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, కొలిపించండి. నాలుగింటి మధ్య తేడా మూడు బార్లలోపు ఉంటే రింగుల గురించి కంగారు పడక్కర్లేదు. స్కానర్ పీ0302 (రెండో సిలిండర్ మిస్సింగ్ కోడ్) చూపిస్తే రెండో కాయిల్‌ను మూడో దాని చోట పెట్టండి. కోడ్ పీ0303గా మారితే కాయిల్ దొరికినట్టే. ఈ ఇంజిన్ల కాయిళ్లు పోవడం కొత్త సంగతేమీ కాదు.

ఆయిల్ నేను 5డబ్ల్యూ-40 వేసి 7,500 కిలోమీటర్లకే మారుస్తున్నాను. ఘాట్ ఎక్కగానే ఆపేయను, టర్బో చల్లారేదాకా రెండు నిమిషాలు నడవనిస్తాను. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే మార్చలేదనే అనుకుని, వాటర్ పంపుతో కలిపి వేయించండి. ఇందులో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, సిలిండరుకు ఐదు చొప్పున మొత్తం 20 ఉన్నాయి.

విప్పిన ప్లగ్గుల ఫొటో పెడితే చూస్తాను. బెల్ట్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్. ఏది ఏ సిలిండర్‌దో పక్కన రాయడం మరిచిపోకండి.