పాఠకుల ప్రశ్నలు: కాపలా కుక్క తప్పించుకుంటే?

ప్రశ్న: బొగ్గు గని పేలుడు పదార్థాల గోదాం దగ్గర సెక్యూరిటీ డ్యూటీ మాది. రాత్రి తిండి పెట్టేటప్పుడు మాలినోయిస్ జాతి కాపలా కుక్క తలుపు సందులోంచి దూసుకుపోయింది. ఆరుగురం వెంటపడినా చిక్కలేదు. తెల్లారేసరికి దానంతటదే వచ్చి కెన్నెల్ (కుక్కను ఉంచే గది) ముందు పడుకుంది. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
- ఒక సూపర్‌వైజర్, రాజురా (చంద్రపూర్ జిల్లా)

జవాబు: ఆరుగురు వెంటపడటమే తప్పు. పరుగెత్తే మనిషి దానికి వేటైనా అవుతాడు, ఆటైనా అవుతాడు. ఎలాగైనా అది ఆగదు. పైగా ఆ సేపు గోదాం దగ్గర ఎవరున్నారు? కుక్కను వదిలించి కాపలావాళ్లను పక్కకు లాగడం దొంగలకు తెలియని విద్యేమీ కాదు. పోస్టుల్లో ఉన్న కాపలావాళ్లు కదలకూడదు. కుక్క సంగతి హ్యాండ్లర్ (దాన్ని నడిపించే మనిషి), సాయంగా మరొకరు చూసుకుంటే చాలు.

కుక్క ఎటు పోయిందో వెంటనే అందరికీ చెప్పి బయటి గేట్లు మూయించండి, లారీలు ఆపించండి. ఎలక్ట్రిక్ డిటొనేటర్లు (కరెంటుతో పేలుడు మొదలుపెట్టేవి) ఉన్న చోట వాకీటాకీ తరంగాలూ ప్రమాదమే, కాబట్టి గోదాంకు దూరంగా ఉన్నవాళ్లే మాట్లాడాలి. ఎదురుపడినవాళ్లు కర్ర ఎత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు కిందికి వదిలి పక్కకు తిరిగి కదలకుండా నిలబడాలి.

పిలిచేది హ్యాండ్లర్ ఒక్కడే. నేర్పిన మాట హిందీదైతే హిందీలోనే పిలవాలి. ‘రారా, రారా’ అని పదిమంది తెలుగులో, మరాఠీలో అరిస్తే దానికి గందరగోళమే. ఒక్కసారి పిలిచి, దానికి వీపు తిప్పి, ఆడుకునే బంతో గోనె ముక్కో చేతిలో ఆడిస్తూ ఎదురుదిశలో నడవాలి. వాహనం ఎక్కే అలవాటున్న కుక్కకు జీపు వెనక తలుపు తీసి పెడితే తరచూ ఎక్కేస్తుంది. దగ్గరకొచ్చాక పైనుంచి మెడపట్టీ లాగొద్దు, కరుస్తుంది. ఉచ్చుముడి తాడును పక్కనుంచి మెడకు వేయాలి. మత్తు సూది చివరి మార్గం. బెదిరిన కుక్కకు మందు ఎక్కేలోపే అది ఇంకా దూరం పోతుంది. దొరికాక కొట్టారో, ఇక పిలిస్తే రాదు.

అసలు పని కెన్నెల్‌లో ఉంది. రెండు తలుపులుండాలి, ఒకటి మూసి గడియ పడ్డాకే రెండోది తీయాలి. లోపలికి తెరుచుకునే తలుపు మేలు, కుక్క తోసినా మూసుకుంటుంది. ఆరడుగుల గోడ మాలినోయిస్‌కు లెక్క కాదు, పైన జాలీ వేయండి. గొలుసు కొక్కెం స్ప్రింగు వారానికోసారి చూడండి, తుప్పు పడితే సగంలోనే ఆగిపోతుంది. మెడపట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, మూడు పడితే వదులే. గనిలో బ్లాస్టింగ్ వేళ తలుపు తీయొద్దు.

ప్రశ్న: కంచె దాటి అడవి వైపు పోతే వెతకొచ్చా?
- ఒక గార్డు, బల్లార్షా

జవాబు: రాత్రి కాలినడకన వద్దు. మీ జిల్లాలో పులులు, చిరుతలు ఊళ్ల అంచుల దాకా వస్తాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. అటవీ సిబ్బందికి చెప్పి జీపులోనే తిరగండి. కంచె దాటిన చోట దాని పరుపు, నీళ్లు పెట్టి ఒకరు జీపులోనే కూర్చుని కనిపెట్టాలి. ఎండాకాలంలో తిరిగొచ్చిన కుక్క ఆగకుండా రొప్పుతూ, ఒళ్లు 104 ఫారెన్‌హీట్ దాటితే నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగలనిచ్చి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కరిచినట్టయితే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకు టీకా ఉంది కదా అని మానొద్దు. దాన్ని 10 రోజులు విడిగా ఉంచి గమనించాలి.