బూజు పట్టిన గడ్డి, చెక్క ఎండబెట్టి మేపవచ్చా?

ప్రశ్న: తుఫాను వానకి సార్వా (ఖరీఫ్ వరి) గడ్డిమేటు తడిసింది. నల్లబడ్డ గడ్డినే ఎండబెట్టి గేదెలకు వేస్తున్నాం. వేరుశనగ చెక్కకు (నూనె తీశాక మిగిలే పిప్పికి) బూజు పడితే ఉడకబెట్టి కుడితిలో కలుపుతున్నాం. పాలు బాగా తగ్గాయి. ఒక గేదెకు తోక చివర ఎండిపోయి, చెవుల కొసలు నల్లబడ్డాయి. గాలికుంటు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాడి రైతు, అమలాపురం

జవాబు: గాలికుంటు అయితే జ్వరం, నోట్లో పుండ్లు, చొంగ కారడం ఉంటాయండి. అవేవీ మీరు రాయలేదు. తోక, చెవుల తీరు చూస్తే ఇది డెగ్నాలా వ్యాధిలా ఉంది. తడిసిన వరిగడ్డి మీద పెరిగే ఫ్యుజేరియం బూజు విషం వల్ల శరీరం కొసలకు రక్తం సరిగా అందదు. తోక, చెవులు, కాళ్ల కింది భాగాలు చల్లబడి, నల్లబడి, చివరకు కుళ్లి ఊడిపోతాయి. చలికాలంలో, అందులోనూ గేదెల్లో ఎక్కువ. ఆ గడ్డి ఈ పూటే ఆపి, పశువైద్యుణ్ణి పిలిపించండి. పెంటాసల్ఫేట్ మిశ్రమం (ఐదు సల్ఫేట్ లవణాలు కలిపిన మందు) ఎంత ఇవ్వాలో ఆయన చెబుతారు. మిగతా గేదెల తోకలు కూడా కొసదాకా తడిమి చూడండి. చల్లగా తగిలినప్పుడే వైద్యం మొదలుపెడితే తోక దక్కుతుంది.

చెక్కలో భయం అఫ్లటాక్సిన్ అనే బూజు విషం గురించి. ఉడికిస్తే బూజు చస్తుంది గానీ ఈ విషం ఆ వేడికి లొంగదు, ఎండకూ పూర్తిగా పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ దిగుతుంది. ఆ పాలు కాచినా పోదు, మీ ఇంట్లో పిల్లలు తాగేవీ అవే కదా! చెక్క మానేస్తే నాలుగైదు రోజుల్లో పాలలో ఈ విషం దాదాపు పోతుంది. పారేయడానికి మనసొప్పక బాతులకు వేస్తారేమో, వేయకండి, వాటికి ఇది మరీ ప్రమాదం. ఆ చెక్కను గొయ్యి తీసి పూడ్చేయండి.

షాపుల్లో అమ్మే టాక్సిన్ బైండర్లు (మేతలో విషాన్ని పట్టి ఉంచే మందులు) అఫ్లటాక్సిన్‌ను కొంత పట్టుకుంటాయి, ఫ్యుజేరియం విషాల మీద అంతగా పనిచేయవు. వాటిని నమ్ముకుని బూజు చెక్క మేపొద్దు.

చెక్క ఒక నెలకు సరిపడా మాత్రమే కొనండి. బస్తాలను గోడకు ఆనించకుండా కర్ర దిమ్మెల మీద పెట్టండి. ఇప్పుడు కోత మిషను వెనకే ఇంకా ఆరని వరిగడ్డిని కట్టలు కట్టించేస్తున్నారు, అది లోపల వేడెక్కి బూజు పడుతుంది. రెండు మూడు ఎండలు తగిలి, గడ్డి మెలిపెడితే విరిగేలా ఉన్నప్పుడే కట్టించండి. మేటు కింద ఎత్తు దిమ్మె, పైన టార్పాలిన్ తప్పనిసరి. ప్రస్తుతానికి దాళ్వా (రబీ వరి) గడ్డి ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే కొనడం మంచిది, కాస్త రేటెక్కువైనా సరే.