చినబాబుకి, భోగి లోపు చదవాల్సిన ఉత్తరం

చినబాబూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సిగరెట్ మానేస్తున్నావట, భోగి నాడు ఇంటికొచ్చి పెట్టెను మంటలో పడేస్తానన్నావట. ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు నువ్వు వినాల్సింది. నేను "మంచిది" అని ఒక్క ముక్క అని, ఫోన్ మీ అత్తయ్యకిచ్చేసి అరుగు మీద కూర్చున్నాను. సంతోషమో భయమో తేలలేదు. రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో నాలుగు మాటలు వరసగా మాట్లాడితే నాకు ఆయాసం వస్తుంది, వెంటనే నువ్వు "పడుకో మావయ్యా, రేపు మాట్లాడదాం" అంటావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఎన్నిసార్లు ఆగినా నీకు వినపడదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. ఇంట్లో, కారులో, ఆఫీసు బ్యాగులో ఉన్న లైటర్లన్నీ తీసెయ్. అమ్మాయికి చెప్పు. ఆఫీసులో నీతోపాటు కిందకి దిగే ఆ ఇద్దరికీ చెప్పు. తాగాలన్న యావ అయిదు నిమిషాలుంటుంది, మహా అయితే పది. అంతసేపు లేచి ఎటైనా నడువు. మొదటి మూడు రోజులూ ఎవరి ముఖం చూసినా కొట్టాలనిపిస్తుంది, వారానికి కాస్త సర్దుకుంటుంది, నెల తిరిగేసరికి మళ్లీ మనిషివవుతావు. నోరు పూయొచ్చు, మలబద్ధకం రావొచ్చు, కంగారు పడకు. నాలుగైదు కిలోలు పెరిగితే మీ అమ్మ సంతోషిస్తుంది.

కాఫీ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పొగ తాగేవాడి ఒంట్లో కాఫీ తొందరగా ఖర్చయిపోతుంది. పొగ ఆగిందంటే అదే కప్పు రెండు కప్పుల పని చేస్తుంది. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం. నువ్వేమో అదంతా సిగరెట్ లేకే అనుకుంటావు. మొదటి రోజు నుంచే కాఫీ సగం చెయ్యి.

నికోటిన్ గమ్ కొనుక్కున్నావని తెలిసింది. దాన్ని కిళ్లీలా నమిలి మింగకు, ఎక్కిళ్లొస్తాయి, కడుపులో మంట. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకో. చురుకు తగ్గాక మళ్లీ నములు. కాఫీ తాగిన పావుగంట దాకా నోట్లో వేసుకోకు, పని చెయ్యదు. లేచిన అరగంటలోపే వెలిగించేవాడికి 2 మిల్లీగ్రాములది చాలదంటారు, డాక్టర్ని అడుగు. మాత్రలు కూడా ఉన్నాయి, అవీ ఆయన రాస్తేనే.

ఇంకోటి. నీ స్నేహితుడెవడో వేప్, అదే ఈ-సిగరెట్, తెప్పిస్తానన్నాడట. సిగ్గుండాలి. 2019లోనే మన దేశంలో దాన్ని నిషేధించారు. ఉరి నుంచి దిగి ఉచ్చులో కాలు పెడతావా? సిగరెట్ పెట్టె మీద బొమ్మ కింద ఒక నంబరుంటుంది, 1800-11-2356. 2018 నుంచి ప్రతి పెట్టె మీదా వేస్తున్నారు. మానెయ్యాలనుకునే వాళ్లకి సాయం చేస్తారు, తెలుగులోనూ మాట్లాడతారు. నేను మానేసిననాడు ఆ బొమ్మ కింద ఇలాంటి నంబరు లేదు. పెట్టె పడేసేముందు దాన్ని రాసిపెట్టుకో.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2003 గోదావరి పుష్కరాలు. అప్పటికి మీ తాతయ్య పోయి ఏడాదయింది. లంక పొగాకు చుట్టలు కాల్చీ కాల్చీ, ఆఖరి వేసవిలో పడుకుంటే ఊపిరాడక, మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి లాక్కునేవాడు. రాత్రంతా అలాగే. నేను పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చుని, మధ్యమధ్య సందులోకెళ్లి దమ్ము కొట్టి వచ్చేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

పుష్కరాలకి స్పెషల్ బస్సులు, మా డ్రైవర్లెవరికీ సెలవుల్లేవు. మూడో రోజు డ్యూటీ దిగి కోటిలింగాల రేవులో నాన్నకి పిండం పెట్టాను. మెట్టు మీదున్న చొక్కా జేబులోంచి పెట్టె తీసి నీళ్లలో వదిలేశాను. కాశీకి పోతే ఏదో ఒకటి వదలాలంటారుగా, నేను గోదావరిలో దాన్ని వదిలాను. 28 ఏళ్ల అలవాటు, రోజుకి రెండు పెట్టెలు. మొదటి వారం మీ అత్తయ్య నాతో మాట్లాడ్డం మానేసింది. అయినా పట్టుకున్నాను.

పది రోజులకి దగ్గు మొదలైంది. సిగరెట్ తాగినన్నాళ్లూ పొద్దున్నే నాలుగు దగ్గులు దగ్గి ఊరుకునేవాణ్ణి. ఇది అలా కాదు. లోపలెక్కడో అడుగునుంచి తవ్వుకొస్తున్నట్టు. కళ్లె గోధుమరంగులో, మధ్యలో నల్లటి నలకలు. మారేడుమిల్లి ఘాట్‌లో ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తుండుగుడ్డ. వెనక సీట్లో ముసలమ్మ "నాయనా, ఒంట్లో బాలేకపోతే బండి ఆపు" అంది. ఊళ్లో మందులిచ్చే ఆయన ఎక్స్‌రే తీయించి, ఏం లేదని సిరప్ ఇచ్చాడు. నా కండక్టరు మాత్రం తేల్చేశాడు: "గురూ, ఇన్నేళ్ల అలవాటు ఒంటికి పట్టేసింది. ఒక్కసారి ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. నీకు మానడం పడలేదు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! నచ్చుతుంది మరి. ఇరవై నాలుగో రోజు రాత్రి, మారేడుమిల్లిలో టీ కోసం ఆపాం, వాన. దగ్గీ దగ్గీ కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. కిళ్లీకొట్టు తాటాకు చూరు కింద నిలబడి ఒకటి వెలిగించాను. మూడో దమ్ముకి దగ్గు ఆగింది. నిజంగా ఆగిందిరా. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. మందు దొరికిందనుకున్నాను. ఆ రాత్రి వెలిగించింది 2012 దాకా ఆరలేదు.

అది ఎందుకు ఆగిందో తొమ్మిదేళ్ల తర్వాత కాకినాడలో ఛాతీ డాక్టరు చెప్పాడు. మన గాలిగొట్టాల లోపల కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుందట. అది చీపుర్లా ఊగుతూ దుమ్మునీ కళ్లెనీ పైకి తోస్తుంటుంది. పొగ తగిలితే అది పడుకుంటుంది. పొగ ఆపిన కొన్నాళ్లకి లేచి మళ్లీ పని మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి తాళం వేసిన ఇల్లు ఊడిస్తే దుమ్ము లేవదా? ఆ దగ్గు అదే. నేనేం చేశాను? ఊడ్చేవాళ్లు పని మొదలుపెట్టగానే మళ్లీ మత్తుమందు పెట్టి పడుకోబెట్టాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదా, బాగుందనుకున్నాను.

అందుకే చినబాబూ, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో. నీకూ దగ్గు రావచ్చు, కొన్ని వారాలు ఉండొచ్చు. అందరికీ రాదు, రాకపోతే సంతోషం. వస్తే గోరువెచ్చని నీళ్లు తాగు, ఆవిరి పట్టు, ఓర్చుకో. రెండు వారాలు దాటితే, కళ్లెలో రక్తం కనిపిస్తే, జ్వరం వస్తే, బరువు తగ్గితే డాక్టరు దగ్గరికి వెళ్లు. గవర్నమెంటు ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఊరికే చేస్తారు. పరీక్షలు ఎన్నయినా చేయించుకో, సిగరెట్ మాత్రం వెలిగించకు. "పడలేదు" అనే మాట ఎవడన్నా అంటే నాకు ఫోన్ చెయ్యి. ఆయాసం వచ్చినా మాట్లాడతాను.

(ఇక్కడ ఆగి, ఇన్‌హేలర్ పఫ్ తీసుకుని, కాసేపు నడుం వాల్చి వచ్చాను.)

2012లో కాకినాడలో నాకు ఊదే పరీక్ష చేశారు. స్పైరోమెట్రీ అంటారు. గొట్టం నోట్లో పెట్టుకుని, ముక్కుకి క్లిప్పు పెట్టి, ఉన్న గాలంతా ఒక్క ఊపున ఊదాలి. పరీక్ష చేసే పిల్ల "ఇంకా, ఇంకా, ఇంకా" అని అరుస్తుంటే నాకు కళ్లు బైర్లు కమ్మాయి. నా వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో 52 శాతం. సీఓపీడీ అన్నారు, గాలిగొట్టాలు ఇరుకైపోయి ఊపిరాడని జబ్బు. వయసు మీద పడే కొద్దీ ఎవరికైనా మొదటి సెకనులో ఊదగలిగే గాలి ఏడాదికి ఇంచుమించు 30 మిల్లీలీటర్లు తగ్గుతుందట. పొగ సరిపడని ఒళ్లుండీ తాగేవాడికి 60 దాకా పోతుందట. నేను లెక్కేసుకున్నాను. మారేడుమిల్లి నుంచి కాకినాడ దాకా ఆ తొమ్మిదేళ్లలో ఊరికే పోగొట్టుకున్నది పావు లీటరు పైన. పాలప్యాకెట్టులో సగం. ఇప్పుడు మేడ మీదకి పద్నాలుగు మెట్లెక్కడానికి నాకు చాలనిది ఆ సగం ప్యాకెట్టే.

పోయింది రాదు. మానేస్తే మాత్రం ఇకముందు పోయేది మామూలు మనిషికి పోయినట్టే పోతుంది. నీకు 34. నీ లెక్క వేరు. కానీ పరీక్ష చేయించుకో. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకు, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు.

నా సంగతి అడగవు గానీ చెబుతాను. ఇన్‌హేలర్ రాసిచ్చిన కొత్తలో, లాగితే అలవాటైపోతుందని ఏడాదిన్నర సొరుగులోనే పెట్టాను. 37 ఏళ్లు సిగరెట్ లాగినప్పుడు ఆ భయం రాలేదు చూడు. ఇప్పుడు పొద్దునా రాత్రీ మందు లాగి, నోరు పుక్కిలిస్తాను, లేకపోతే నాలుక మీద తెల్లగా పూస్తుంది. స్నానం పీట మీద కూర్చునే. ఆయాసం వస్తే ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు గుండ్రంగా చుట్టి మెల్లగా వదులుతాను. ఏటా ఫ్లూ టీకా. సాయంత్రం గుడిదాకా నడక, మధ్యలో రెండు అరుగుల మీద కూర్చుంటాను, అందరూ నాకోసం జరుగుతారు. మీ అత్తయ్య పోపు పెట్టేముందు వంటింట్లోంచి "మిరపకాయలు!" అని కేకేస్తుంది. నేను చెప్పులేసుకుని వీధిలోకెళ్లిపోతాను. ఇరుగుపొరుగు మా ఇంట్లో ఏం వండుతున్నారో నన్ను చూసి చెప్పేస్తున్నారు.

2015 పుష్కరాలకి మళ్లీ అదే రేవుకి వెళ్లాను. దిగడం దిగాను గానీ ఎక్కేటప్పుడు నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎవరో కుర్రాడు చెయ్యందించాడు. వాడి చొక్కా సిగరెట్ వాసన కొట్టింది. ఏమీ అనలేకపోయాను.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు సందు చివర కొట్టుకి నిన్నే పంపేవాణ్ణి. చిల్లర మిగిలితే బఠాణీలు కొనుక్కోమనేవాణ్ణి. నువ్వు పెట్టెను రెండు చేతుల్తో పట్టుకుని, పడిపోతుందేమో అన్నట్టు జాగ్రత్తగా నడిచొచ్చేవాడివి. మీ అమ్మ చూసింది, అన్నయ్యనని ఏమీ అనలేదు. నువ్వు తాగుతున్నావని తెలిసిన రోజు నిన్ను తిట్టానే, అందులో సగం నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు మానేస్తున్నావంటే నా గుండె మీద నుంచి ఎవరో దిగినట్టుంది. గర్వంగానూ ఉంది, ఒప్పుకుంటాను. నేను మానింది ఊపిరి పోయాక. నువ్వు ఊపిరి ఉండగానే మానుతున్నావు.

మరి భోగి మాట. మూడేళ్లుగా ఆ తెల్లవారుజామున నేను తలుపులూ కిటికీలూ వేసుకుని లోపలే కూర్చుంటున్నాను. ఆ పొగకి రోజంతా పిల్లికూతలు. నువ్వు పెట్టెను మంటలో వేస్తే నేను చూడలేను. పెరట్లో నూతి దగ్గర బకెట్‌తో నీళ్లు పెట్టి ఉంచుతాను. అందులో వెయ్యి, నీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. తర్వాత ఆ నీళ్లు మాత్రం మల్లెపాదులో పొయ్యకు, మీ అత్తయ్య ఊరుకోదు.

మావయ్య