ఐదో నెలలో ఆగని ఏడుపు

చెల్లెమ్మా, కడుపుతో ఉన్న ఈ ఐదో నెలలో కారణం లేకుండా ఏడుపొస్తోందని, నిద్ర పట్టడం లేదని, అత్తగారు దిష్టి అంటున్నారని రాశావు. దిష్టి తీయించుకో, తప్పేమీ లేదు, కానీ అక్కడితో ఆగకు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు పెరిగే ఈ నెలల్లో మనసు తొందరగా మారుతుంది. ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటే కంగారు అక్కర్లేదు. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, తిండి మీద ధ్యాస పోతే అది కుంగుబాటు కావచ్చు. అందులో నీ తప్పు ఏమాత్రం లేదు. కావలిలో నిన్ను చూస్తున్న డాక్టరమ్మకు బిడ్డ కదలికల గురించి చెప్పినట్టే ఇదీ చెప్పు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షల గురించి అడుగు. ముందునుంచి వాడే మందులుంటే సొంతంగా ఆపకు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకు, వెంటనే ఇంట్లోవాళ్లను పిలువు, 14416కు ఫోను చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు.