రచ్చకట్ట దగ్గర ఎవరినీ లేపి నిలబెట్టకు

చిరంజీవి అమ్మాయికి, మేనమామ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. దసరాకు ముందే కర్నూలు జిల్లాలో ఆలూరు, హొళగుంద వైపు పల్లెలు తిరిగి, మీ ఆఫీసు తరఫున జనానికి చట్టం గురించి, భద్రత గురించి చెప్పబోతున్నావట. విన్నాక కాసేపు నాకు మాట రాలేదు. మన ఇంట్లో నా తరువాత నల్లకోటు వేసుకున్నది నువ్వే. సర్కారు వకీలు కోర్టు మెట్లు దిగి పల్లెకు వెళ్లాలని నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ కోరుకున్నాను. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. జనం పొలాల నుంచి తిరిగివచ్చే వేళకు వెళ్లు, కానీ చీకటి ముదరకముందే ఆలూరు చేరుకో. హొళగుంద వైపు చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, ఆ భాష వచ్చిన మనిషిని వెంట తీసుకుపో. సెక్షన్ల నంబర్లు చదవకు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయన్న ఉపన్యాసం వాళ్లకు అక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చనీ, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలనీ చెప్పు. ఆడవాళ్లనూ, అరవై దాటినవాళ్లనూ సాక్షులుగా స్టేషన్‌కు పిలిపించకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఈ మాట మాత్రం రెండుసార్లు చెప్పు. ఫోనులో మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి, ఉచిత న్యాయసహాయానికి 15100కి ఫోను చేయమను. సర్కారు వకీలుకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదని కూడా చెప్పు. చాలామందికి ఆ సంగతి తెలియదు.

దేవరగట్టు కర్రల ఉత్సవం మాట వస్తే నెమ్మదిగా మాట్లాడు. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒక పక్క, మిగిలిన ఊళ్లవాళ్లు ఒక పక్క ఉత్సవమూర్తుల కోసం కర్రలు ఎత్తుతారు. వాళ్లు దాన్ని కొట్లాట అనుకోరు. తల పగిలినా పసుపు అద్దుకుని ఇంటికి పోతారు, ఫిర్యాదు ఇవ్వరు. నువ్వు వెళ్లి మూఢనమ్మకం అన్నావంటే ఆ పూటకు నీ సభ ముగిసినట్టే. కర్రకు ఇనుప పొన్ను ఎందుకు, తాగి రావడం ఎందుకు అని అడుగు. ఆ రెండు ప్రశ్నలకూ పెద్దవాళ్లే నీ తరఫున జవాబు చెబుతారు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

ఆదోనిలో ఏపీపీగా, అంటే సహాయ సర్కారు వకీలుగా ఉన్న రోజుల్లో నాకూ నీలాంటి ఉత్సాహమే. ఒక ఊళ్లో పొలం గట్టు తగాదాలో గొడ్డలి కామతో కొట్టి ఒక కుర్రవాడి చెయ్యి విరగ్గొట్టారు. చూసినవాళ్లు పదిమంది ఉన్నా, చూశానని పోలీసులకు చెప్పింది ఒక్కతే. బడి ముందు బొరుగులు వేయించి అమ్మే ముసలామె. కేసు విచారణకు రాకముందే ఆ ఊళ్లో సభ పెట్టాను. రచ్చకట్ట నిండా జనం. సాక్షులు భయపడకూడదు, చట్టం మీ వెంట ఉంటుంది అని గొంతెత్తి మాట్లాడాను. ఆమె వెనుక వరుసలో కూర్చుని ఉంది. ఆ ఊపులో ఆమెను లేపి నిలబెట్టాను. "ఈ తల్లిని చూడండి, ధైర్యమంటే ఇది" అన్నాను. అందరిచేతా చప్పట్లు కొట్టించాను. ఆమె తల ఎత్తలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

నేను జీపెక్కి ఆదోని వచ్చేశాను. ఆమె అక్కడే ఉండిపోయింది.

మరునాటి నుంచి ఆమె దగ్గర బొరుగులు కొనేవాళ్లు లేరు. ఆమె మనుమడు ముద్దాయిల చేలోనే కూలికి పోయేవాడు, వాడిని రావద్దన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. ఊరంతా ఆమెతో మాట్లాడటం మానేసింది, అంతే. ఇదంతా నాకు తెలిసేసరికి కేసు వాయిదాకు వచ్చింది.

ఆ రోజు బోనులో నిలబడిన ఆమె చేతులు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. మూకుడు దగ్గర కాలిన మచ్చలున్న వేళ్లతో సమన్ల కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ, "నాకేమీ తెలియదు సామీ" అంది. నా సాక్షి అడ్డం తిరిగిందని కోర్టుకు చెప్పి, అప్పటి సాక్ష్య చట్టం 154వ సెక్షన్ కింద నేనే ఆమెకు అడ్డుప్రశ్నలు వేయాల్సి వచ్చింది. పోలీసులకు ఇలా చెప్పావా లేదా, చెప్పావా లేదా అని గద్దించాను. ఊరంతటి ముందూ మెచ్చుకున్న నోటితోనే అబద్ధాలకోరును అడిగినట్టు అడిగాను. పైగా ప్రాసిక్యూటరే ఊళ్లో సభ పెట్టి సాక్షిని తయారుచేశాడని ఎదుటి వకీలు వాదించాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. కేసు కొట్టేశారు.

సాయంత్రం కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద, సాక్షులకిచ్చే బత్తా డబ్బు చీర కొంగుకు ముడి వేసుకుంటూ కనిపించింది. దగ్గరకు వెళ్లాను. కోపంగా ఏమీ అనలేదు. "నువ్వు చప్పట్లు కొట్టించకపోయి ఉంటే చెప్పేదాన్ని నాయనా" అంది.

అందుకని, తల్లీ, విచారణలో ఉన్న కేసు మాట సభలో ఎత్తకు. ఎవరినీ పేరు పెట్టి పిలవకు, ధైర్యవంతురాలని మెచ్చుకోకు. ఎవరైనా తమంతట తాము లేచి "నేను చూశాను" అనబోతే కూర్చోబెట్టి, తరువాత విడిగా మాట్లాడు. నాలుగు ఊళ్లు తిరిగేవాళ్లకు ఒక ఊళ్లో బతకడం ఎంత కష్టమో తెలియదు. ఆనాడు నాకు తెలియలేదు.

మీ సిబ్బంది ఫోటోలు తీస్తారు కదా, రిపోర్టుకు కావాలని. వేదిక మీద నిన్ను తీయనీ. జనం ముఖాలు వద్దు. మా రోజుల్లో వార్త ఊరు దాటడానికి ఒక పూట పట్టేది, ఇప్పుడు నువ్వు కారెక్కేలోపే ఫోనుల్లో తిరుగుతుంది. అన్యాయానికి గురైన ఆడపిల్ల సంగతి ఎవరైనా చెబితే ఆ పిల్ల ఎవరో తెలిసే ఆనవాలు ఒక్కటి కూడా నీ కాగితాల నుంచి బయటికి పోకూడదు. ఈ విషయంలో నువ్వు పొరపాటు చేశావని వింటే నేను క్షమించను. చిన్నప్పుడు నిన్ను ఒక్క దెబ్బ వేయని మామ మాట ఇది, గుర్తుంచుకో.

నాకు లేనిది నీకు ఒకటి ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం. జిల్లా జడ్జి అధ్యక్షుడు, జిల్లా పోలీసు అధికారి సభ్యుడు, జిల్లాలో ప్రాసిక్యూషన్ విభాగానికి పెద్ద అయినవారే సభ్య కార్యదర్శి. అంటే భయపడుతున్న సాక్షి దరఖాస్తు చేరేది మీవాళ్ల దగ్గరికే. ఆ ఫారాలు సంచిలో పెట్టుకుని వెళ్లు. సభలో పంచకు, అడిగినవారికి చాటుగా ఇవ్వు.

ఇంకొకటి. దసరా దాటితే ఆ పల్లెలు సగం ఖాళీ అవుతాయి. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. సమన్లు "ఇంటికి తాళం" అని రాసుకుని తిరిగివస్తాయి, సాక్షి రాలేదని కేసులు పడిపోతాయి. ఎవరు ఎప్పుడు తిరిగివస్తారో ఇప్పుడే కనుక్కుని, వాయిదా ఆ నెలల తరువాతకు అడుగు. ఎవరూ చెప్పని పని ఇది, నువ్వు చేస్తే చాలా కేసులు నిలబడతాయి.

ఆ బొరుగులామె ఊరు కూడా నీ జాబితాలో ఉందని మీ అమ్మ చదివిన పేర్లను బట్టి తెలిసింది. ఆమె ఇప్పుడు లేదు. మనుమడు బడి ముందే బంకు పెట్టుకున్నాడట. సభ అయ్యాక ఒక పొట్లం కొనుక్కో. నా పేరు చెప్పకు.

ఇట్లు,
నీ మేనమామ